పెట్టొచ్చన్నాడా, పెట్టొద్దన్నాడా

మా మెట్ల కింద నాకో జిరాక్సు కొట్టుంది. పై అంతస్తుకి ఎవరు పోవాలన్నా నా మిషను ముందు నుంచే పోవాలి. అందుకని మా తోడికోడలికి తుంటి ఆపరేషనయ్యాక ఆమెను చూడ్డానికి ఎవరెవరు వచ్చారో, ఎవరి చేతిలో ఏముందో, దిగేటప్పుడు మూతి తుడుచుకుంటూ ఏం చెప్పుకున్నారో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. తెలిసి నేను బాగుపడింది లేదు. యాపిల్ పళ్ల సంచీ చూస్తే చాలు, ఇప్పటికీ మొహం తిప్పుకుంటాను.

తోడికోడలంటే మా ఆయన అన్నగారి భార్య. నేను అక్కా అంటాను. వీధంతా కత్తెర అంటుంది. బడిపిల్లల యూనిఫాంలు కుట్టే వర్క్‌షాపులో కటింగు ఆమెది. ఆ పేరు చేతిలో ఉన్నదాన్ని బట్టి వచ్చిందో, నోట్లో ఉన్నదాన్ని బట్టి వచ్చిందో ఎవరూ తేల్చలేదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ వర్క్‌షాపులో బల్ల కింద పడ్డ పీలికలు ఏరి సంచుల్లో కుక్కే పని దొరికింది. వంగి ఏరుతూనే, పైన కత్తిరించే మాస్టరు చేతులు చూసి పని పట్టేసింది. ఆ మాస్టరుకి కళ్లు మసకబారి ఒకే నిక్కరుకి రెండూ కుడికాళ్లే కత్తిరించిన రోజున సుద్దముక్క ఈమె చేతికొచ్చింది. అప్పటి నుంచి ఆ పొడుగు బల్ల ఆమెదే. గుడ్డ తాను విప్పి, పొర మీద పొర పరిచి, సుద్దతో గీసి, ఎడమకాలి మీద ఒళ్లంతా ఆన్చి, బల్ల మీదికి వాలి కత్తెర తోసేది. గుడ్డ వృథా చేస్తే ఓనరునైనా సరే కడిగి పారేసేది.

అలా ఆన్చి ఆన్చి ఎడమ తుంటి అరిగిపోయింది. చాలాకాలం దాచింది. తర్వాత కుంటడం మొదలుపెట్టింది. భర్తతో చెబితే, నొప్పులు లేనిదెవరికి, నాకు మెడ పట్టెయ్యడం లేదా అన్నాడట. ఆ భర్తే మా బావగారు. బావగారిని ‘అన్నారు’, ‘చేశారు’ అని గౌరవంగా చెప్పాలని నాకూ తెలుసు. నోరు రావడం లేదు, ఏం చెయ్యను? బస్సుల పార్సిలాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. చెడ్డవాడని ఎవరూ అనలేదు, మంచివాడనీ ఎవరూ అనలేదు. అసలాయన గురించి ఎవరూ ఏమీ అనలేదు, అదే ఆయన బాధ. ఇంట్లో పూచికపుల్ల తీసి అవతల పెట్టి ఎరగడు. తాగిన గ్లాసు తాగినచోటే ఉంటుంది, ఆవిడ వర్క్‌షాపు నుంచి వచ్చి తీసేదాకా. వాళ్లకి పిల్లలు లేరు.

ఒకరోజు అక్క మా మెట్ల మధ్యలో ఎక్కలేక, దిగలేక నిలబడిపోయింది. నేనూ మా ఆయనా కుర్చీలో కూర్చోబెట్టి మోసి పైకి చేర్చాం. ఆ తర్వాతే ఆపరేషన్‌కి ఒప్పుకుంది. పోయే ముందు వర్క్‌షాపు ఓనరు దగ్గర ఒకే ఒక్క మాట తీసుకుంది, బడులు తెరిచే ముందు కటింగు మొదలయ్యేదాకా తన బల్ల ఇంకెవరికీ ఇవ్వకూడదని. ఆయన సరేనన్నాడు. అప్పటికీ నిలబడలేకపోతే మాత్రం ఏమీ అనుకోవద్దమ్మా, బయటి మనిషిని పెట్టుకుంటానన్నాడు.

“నేనేం గంతులెయ్యక్కర్లేదే. ఆ బల్ల ముందు నిలబడితే చాలు” అని నాతో అంది అక్క.

ఆపరేషన్ బాగానే అయింది. మర్నాడు నర్సులు వాకర్ ఇచ్చి లేపి నిలబెడితే కళ్లు తిరిగి సోలిపోయింది. అలా అవుతుంటుంది, కాసేపాగి మళ్లీ లేపుతామని వాళ్లు చెబుతూనే ఉన్నారు. బావగారు వింటేనా? వార్డంతా దద్దరిల్లేలా కేకలేశాడు. ఆ సోలిపోవడం ఇద్దరి మనసుల్లోనూ పడిపోయింది. ఇంటికి పంపే రోజు నేను లేను, కొట్టు చూసుకోవాలి కదా. డాక్టరు మూతికి మాస్కు తగిలించుకుని, గుమ్మంలోనే నిలబడి, ఇంకో పేషెంటు దగ్గరికి పోతూ పోతూ చెప్పాల్సింది చెప్పాడట. బావగారు కారు దిగుతూనే ఆ సంగతి నాకు చేరవేశాడు.

“కాలి మీద బరువు పెట్టొద్దన్నాడమ్మా డాక్టరు” అన్నాడు. “బొత్తిగా పెట్టొద్దన్నాడు.”

డాక్టరే అన్నాక మనమెవరం అనుకున్నాను. అక్కని మళ్లీ కుర్చీలోనే మోసి మంచం మీద వేశాం.

ఇక మొదలయ్యాయి రాకపోకలు. మెట్ల కింద ఆగి ముందు నన్నడుగుతారు, పేషెంటు ఏ అంతస్తని. పేషెంటట! ఈ వీధిలో సగం మంది పిల్లలకి నిక్కర్లు కత్తిరించిన మనిషికి అప్పుడే పేరు ఊడిపోయింది. పైకెళ్లి మంచం చుట్టూ కుర్చీలేసుకుంటారు. దుప్పటి తొలగించి కుట్లు చూపించమంటారు. చూసి “పాపం” అంటారు. ఎవరు చేసిన పాపమో చెప్పరు. తర్వాత బిస్కెట్లు నములుతూ తమకు తెలిసిన తుంటి కథలన్నీ విప్పుతారు. ఒకావిడ ఆడపడుచు మామగారికి కొత్త కీలు ఊడి తొడలోకి జారిపోయిందట. ఇంకొకాయన స్నేహితుడికి లోపల చీము పట్టిందట. ఆ వాసన ఆయన ఇంకా మర్చిపోలేదట. ఆ వాసన ఎలా ఉంటుందో కూడా వివరించాడు, అక్క నోట్లో ముద్ద ఉండగా. ఎద్దు పుండు కాకికి ముద్దని ఊరికే అన్నారా! ఆపరేషనయ్యాక బస్సెక్కి తిరుగుతున్నవాళ్లు ఈ ఊళ్లోనే బోలెడుమంది ఉన్నారు. వాళ్ల సంగతి ఒక్కరి నోటా రాలేదు. బాగుపడినవాళ్ల కథలో చెప్పుకోడానికి ఏముంటుంది, బిస్కెట్టు సగంలోనే అయిపోతుంది.

వచ్చినవాళ్లకి టీ ఎవరిస్తారనుకున్నారు? బావగారే. మొదటిరోజు పాలు పొంగించి, గిన్నె మాడ్చి, ఆ మాడు వాసనతోనే ఇచ్చాడు. పై వాటా పెద్దావిడ గ్లాసు అందుకుంటూ, ఈ వయసులో పెళ్లానికి ఇంత చాకిరీ చేసే మగాణ్ణి నేను చూళ్లేదయ్యా, నువ్వు మహానుభావుడివి అంది. ఆ మాట ఆయన చెవిన పడటం నేను కళ్లారా చూశాను. పొగడ్తకి మొహం వాచిపోయి ఉన్న మనిషి. బుగ్గలు ఎర్రబడ్డాయి, అడక్కుండానే అందరికీ ఇంకాస్త పోశాడు. మర్నాటి నుంచి పొద్దున్నే గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని తయారుగా కూర్చునేవాడు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడితే చాలు, చెంచా ఆయన చేతికొచ్చేది. చేతులకేమీ కాని మనిషికి చెంచాతో తినిపించేవాడు. మూతి తుడిచేవాడు. దిండు సర్దేవాడు. సర్దిన దిండునే మళ్లీ సర్దేవాడు. అన్నిటికన్నా రోత పుట్టించింది బెడ్‌పాన్ సంగతి. “నేనే ఎత్తుతున్నానండీ, నాకేం అసహ్యం లేదు” అని వచ్చిన ప్రతివాళ్లతోనూ చెప్పేవాడు, ఆవిడ వింటుండగానే. వీధి చివర టీ కొట్టులో కూడా చెప్పాడట. అది ఎంతవుతుందో, ఎలా ఉంటుందో కూడా. ఛీ! ఆ కొట్టులో టీ తాగడం మానేశాను నేను. అక్క మాత్రం గోడవైపు తిరిగి పడుకునేది. కత్తెర నోరు కదా, ఒక్క మాట తిరిగి అంటుందేమోనని చూశాను. అనలేదు.

గాలి తగిలితే కీలు పట్టేస్తుందని ఎవరో అన్నారని కిటికీలు మూసేశాడు. ఆ గదిలోకి వెళితే కళ్లు మండేవి. మందు పూత కంపు, తడిసి ఆరిన పక్కగుడ్డల కంపు, మంచం కింద కుళ్లుతున్న యాపిల్ పళ్ల కంపు. అక్క జుట్టు అట్టకట్టిపోయింది. ఎడమ మడమ పరుపుకి ఒరుసుకుని చర్మం లేచి రసి కారుతోంది. తొడ సన్నబడి, పట్టుకుంటే చర్మం ఊగేది. నేను రోజూ మధ్యాహ్నం పైకెళ్లి కిటికీ తెరిచేదాన్ని. సాయంత్రానికి మళ్లీ మూసి ఉండేది.

ఆస్పత్రి వాళ్లు పంపితే వ్యాయామం చేయించే అమ్మాయి ఒకతె వచ్చింది. బక్కపల్చని పిల్ల, వచ్చీ రాగానే లేచి నిలబడమంది. డాక్టరు బరువు పెట్టొద్దన్నాడని బావగారు అడ్డం పడ్డాడు. అలా అని ఉండరండీ అంది ఆ పిల్ల. డాక్టరు కంటే నీకెక్కువ తెలుసా అని గద్దించాడు. పోనీ మంచం మీదే చేయిద్దామని ఆ అమ్మాయి కాలు ఎత్తింది, అక్క కెవ్వుమంది, అంతే. ఆడకూతుర్ని ఏడిపిస్తావా అని పంపించేశాడు. చుట్టూ కూర్చున్నవాళ్లంతా మంచి పని చేశావన్నారు. ఆ పిల్ల మెట్లు దిగి నా కొట్టు ముందు ఆగి, ఇలాగే ఉంచితే ఆవిడ లేవదండీ అని చెప్పి వెళ్లింది. పైకి పోదామని మెట్టు మీద కాలు పెట్టాను. కానీ డాక్టరు మాట అడ్డం వచ్చింది. మా ఆయనతో అంటే, మా అన్నయ్య అంత చేస్తుంటే నీకెందుకే కడుపుమంట అన్నాడు. అన్నదమ్ములు!

ఈలోగా అక్క మనిషే మారిపోయింది. గొంతు పీలగా అయింది. నీళ్లు పక్కనే ఉన్నా, చెయ్యి చాస్తే అందేవే అయినా, “ఏమండీ, నీళ్లు” అనేది. ఆయన అందిస్తే తాగుతూ ఆయన మొహంలోకి చూసేది. ఆ చూపు చూస్తే నాకు ఒళ్లు మండేది. వర్క్‌షాపులో ఓనరుని ఏకిపారేసిన ఆడది, చిన్నపిల్లలా పెదవి విరవడం ఏమిటి! ఒకసారి ఉండబట్టలేక, అక్కా, నీ బల్ల గుర్తుందా అన్నాను. కళ్లు మూసుకుంది. నిద్రొస్తోందంది.

చూపించుకోమన్న గడువుకి ఆస్పత్రికి నేను కూడా వెళ్లాను. కొట్టు మూసేసి మరీ వెళ్లాను. డాక్టరు ఎక్స్‌రే ఫోటో చూశాడు, బాగుందన్నాడు. తొడ మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. రోజూ ఎంత దూరం నడుస్తున్నావమ్మా అని అడిగాడు. అక్క బదులు బావగారు అందుకున్నాడు. ఛాతీ విరుచుకుని మరీ చెప్పాడు, ఇంతవరకూ కాలు నేలకి మోపనివ్వలేదు డాక్టరుగారూ, అన్నీ మంచం మీదే అని. మెచ్చుకుంటాడనుకున్నాడు పాపం.

డాక్టరు మాస్కు కిందికి లాగాడు. “మోపనివ్వలేదా? ఎవరు చెప్పారయ్యా నీకు?”

“మీరేగా సార్. బరువు పెట్టొద్దన్నారు.”

“పెట్టొచ్చు అన్నాను. పెట్టొచ్చు! మొదటిరోజు నుంచీ పెట్టొచ్చు!”

చ్చుకీ ద్దుకీ మధ్య ఒక ఆడదాని కాలు ఎండిపోయింది. తప్పు విన్నవాడు ఇంకోసారి అడిగితే పోయేది కాదా? అడగడు. వినాలనుకున్నదే వినపడ్డాక మళ్లీ అడగడం ఎందుకు? డాక్టరు కోపాన్ని మింగుకుని నెమ్మదిగా చెప్పాడు. కీలుకేమీ కాలేదు, అది రాయిలా ఉంది. దాన్ని పట్టుకునే కండే కరిగిపోయింది. ఇప్పుడైనా రోజూ నిలబెట్టి నడిపిస్తే తిరిగొస్తుంది. ఇంకా పడుకోబెడితే జన్మంతా కుంటడమే, నిలబడి చేసే పని మర్చిపోవాల్సిందే. వెళ్లబోతూ, ఫోటో బాగుందమ్మా, మనిషే బాలేదు, భయపడి కూర్చున్నావు అని అక్క భుజం తట్టాడు. అక్క తలెత్తలేదు.

కారులో వస్తున్నంతసేపూ బావగారు డాక్టర్లని తిట్టాడు. నోరు తెరిచి చెప్పి చావరు, మాస్కులోపల గొణుగుతారు అన్నాడు. ఇంటి ముందు దిగాక నన్ను పక్కకి పిలిచాడు. “అమ్మాయ్, ఈ పెట్టొచ్చు సంగతి వీధిలో అనకు. బావుండదు” అన్నాడు. నా కాళ్ల దగ్గర ఏదో కుళ్లింది పడ్డట్టు వెనక్కి జరిగాను. ఇంటికొచ్చాక నడిపించాడా అంటే, ఇవాళ అలిసిపోయింది అన్నాడు. రేపు చుట్టాలొస్తున్నారన్నాడు. ఎల్లుండి మబ్బుగా ఉందన్నాడు. మబ్బుకీ తుంటికీ సంబంధం ఏమిటో ఆయనకే తెలియాలి.

ఆయన టీ కొట్టుకి పోయిన మధ్యాహ్నం నేను పైకెళ్లి కిటికీ తెరిచి, అక్క ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తిట్టడానికే వెళ్లాను. విన్నావు కదా, ఆ మనిషి చెవిటితనానికి నీ కాలు పోయేలా ఉంది, ఇప్పుడైనా లే అన్నాను.

అక్క కిటికీ వైపు తిరిగింది. తర్వాత తన మామూలు గొంతుతో అంది. ఆ గొంతు విని ఎన్నాళ్లయిందో.

“నేను సరిగ్గానే విన్నానే. ఆ రోజే విన్నాను. పెట్టొచ్చు అనే అన్నాడు.”

కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.

“ఈయన పెట్టొద్దు అని విన్నాడు. కారులో కూర్చోబెడుతూ, జాగ్రత్త, బరువు పెట్టొద్దు, నన్ను పట్టుకో అన్నాడు. ఇన్నేళ్లలో నన్ను ఏ పని చెయ్యొద్దన్నాడే ఈయన? జ్వరంలో వండుతుంటే వద్దనలేదు. కడుపు పోయిన మూడోనాడు వర్క్‌షాపుకి పోతుంటే గుమ్మంలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు, వద్దనలేదు. మొదటిసారి వద్దన్నాడు. నువ్వు తప్పు విన్నావని ఎలా చెప్పమంటావు?”

జాలి రాలేదు, నిజం చెబుతున్నాను. అసహ్యం వేసింది. ఇంత తెలివైంది, ఇంత పొగరుబోతు, ఒక్క ‘వద్దు’ కోసం కాలు అమ్ముకుందా అని చీదరేసింది. ఆ మాటే అనేశాను. ఆయన చూసుకునేది నిన్ను కాదు, నిన్ను చూడొచ్చేవాళ్లని అన్నాను. లేస్తే మళ్లీ అన్నీ నేనే చెయ్యాలి, నన్నెవరూ చూడరు కూడా, నీకేం తెలుసు అంది అక్క. మరి బల్ల అన్నాను. బయటి మనిషి కోసం ఓనరు అప్పుడే వాకబు చేస్తున్నాడు, ఒకడు దరఖాస్తు కాగితాలు నా మిషను మీదే కాపీ తీయించుకుపోయాడు అని చెప్పాను. అది అబద్ధం కాదు. అక్క మొహం మారింది. ఎవడు, చెయ్యి వణుకుతుందే, వాడా అంది. ఆ వణికే చేత్తో నా బల్ల మీద గుడ్డ తగలేస్తాడా అంది. వాకర్ ఇటు తే అంది.

నిలబడటం ఒక నరకం. చెమట ధారగా కారింది, నా జబ్బ మీద గోళ్లు దిగాయి. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టింది, నన్ను, డాక్టర్ని, తన తుంటిని, వర్క్‌షాపు ఓనర్ని. నాకు ప్రాణం లేచొచ్చింది. పంపించేసిన వ్యాయామం అమ్మాయిని నేనే పిలిపించాను. కానీ అక్క ఒక షరతు పెట్టింది. ఇదంతా ఆయన లేనప్పుడే జరగాలి. ఎందుకంటే ఆయన చిన్నబుచ్చుకుంటాడట. తనే నడిపించాలనుకుంటున్నాడేమో, కాస్త బాగా నడవడం వచ్చాక ఒకరోజు ఆయన కళ్లముందు లేచి నిలబడతాను, ఎంత సంతోషిస్తాడో చూడు అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలో సిగ్గు కనపడింది. కొత్త పెళ్లికూతురి సిగ్గు! నాకు నవ్వాలో, తల బాదుకోవాలో తెలియలేదు.

అలా దొంగతనంగా నడిచింది. ఆయన టీ కొట్టుకి దిగగానే నేను కొట్టు మూసి పైకి. మంచం నుంచి తలుపు దాకా, తలుపు నుంచి వంటగది దాకా. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే గబగబా మంచమెక్కి దుప్పటి కప్పుకునేది, మూలుగు అందుకునేది. తర్వాత చెంచా, మూతి తుడవడం, పాపం, మహానుభావుడు, బిస్కెట్లు, అంతా మామూలే. బాగుపడుతున్న మనిషి జబ్బుపడ్డట్టు నటించడం చూస్తుంటే, నిజం జబ్బు చూసినప్పటి కన్నా ఎక్కువ వెగటు పుట్టింది. కానీ కాలు గట్టిపడింది. మడమ పుండు ఎండింది. వాకర్ పోయి చేతికర్ర వచ్చింది. తర్వాత మెట్లు. మంచి కాలితో ఎక్కు, కొత్త కాలితో దిగు అని ఆ అమ్మాయి నేర్పింది.

కటింగు మొదలయ్యే రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం రమ్మని ఓనరు కబురు పెట్టాడు. అక్క తలంటుకుంది. జుట్టు చిక్కు తీసి నేనే ముడేశాను. శుభ్రమైన బట్టలు కట్టుకుని, మెడలో టేపు వేసుకుని, చేతికర్ర పట్టుకుని గది మధ్యలో నిలబడింది. ఆయన వస్తాడు, చూస్తాడు, చెప్పి బయల్దేరదాం అంది. పెదాలు తడుపుకుంటోంది, తలుపు వైపే చూస్తోంది.

బావగారు వచ్చాడు. చేతుల్లో బిస్కెట్ పొట్లాలు. తలుపు తోసి, ఆమెను చూసి ఆగిపోయాడు. ఒక్క క్షణం, ఒక్క క్షణమే, ఆయన కళ్లు పెద్దవయ్యాయి. ఇప్పుడైనా మనిషనిపించుకుంటాడని నేను కూడా అనుకున్నాను. అక్క నవ్వింది. కర్ర ఎత్తి పక్కన పెట్టి, ఒట్టి కాళ్ల మీద రెండడుగులు వేసి చూపించింది.

“నువ్వు లేచినట్టు ఎవరైనా చూశారా?” అన్నాడాయన.

అక్క నవ్వు అలాగే ఉంది. అర్థం కాలేదు ఆమెకి. నాకు అర్థమైంది.

ఆయన పొట్లాలు మంచం మీద పడేసి గబగబా చెప్పుకొచ్చాడు. పార్సిలాఫీసు వాళ్లు వస్తున్నారట, పెద్ద ఆఫీసరుగారు స్వయంగా. ఉద్యోగంలో ఉన్నంతకాలం తన పేరు కూడా గుర్తుపెట్టుకోని మనిషి, తన సేవ గురించి విని, ఇల్లు వెతుక్కుంటూ వస్తున్నాడట. వీధి మలుపు తిరిగేశారట. మాటలు చెబుతూనే దుప్పటి దులిపి పరిచాడు, దిండు సర్దాడు, చెంచా ఎక్కడుందో వెతికాడు.

“ఒక్క గంట పడుకో” అన్నాడు. “వాళ్లు వెళ్లిపోయాక లేద్దువుగాని. నీకు పుణ్యముంటుంది, ఒక్క గంట.”

నేను నోరు తెరిచాను. నా నోట్లో ఏ మాటలున్నాయో ఇక్కడ రాయలేను. అక్క చెయ్యి అడ్డం పెట్టింది. ఆయన్ని చూసింది. అట్టే కోపంగా కూడా చూడలేదు. సుద్ద గీయబోయే ముందు గుడ్డని చూసినట్టు ఈ చివర నుంచి ఆ చివరకి చూసింది. తర్వాత కర్ర తీసుకుంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఆయన ఉతికిన చొక్కాలో, పరిచిన పక్క మీద, చెంచా పట్టుకుని కూలబడ్డాడు. ఇంకెక్కడ కూర్చోవాలో తోచలేదు కాబోలు. తలుపు అక్కే తెరిచింది. ఎదురుగా బట్టతల ఆఫీసరు, వెనక ఇద్దరు, ఒకడి చేతిలో యాపిల్ పళ్ల సంచీ. ఆఫీసరు సానుభూతి మొహం తగిలించుకుని, అమ్మా, పేషెంటుని చూద్దామని వచ్చాం అన్నాడు.

అక్క పక్కకి జరిగి దారి ఇచ్చింది.

“లోపలున్నారు. పలకరించండి” అంది.

వాళ్లు లోపలికి, మేము బయటికి. కొత్త కాలితో ఒక్కో మెట్టూ దిగింది. నా కొట్టు దాటాం. వీధిలో కిరాణా ఆయన లేచి నిలబడ్డాడు, పై వాటా పెద్దావిడ నోరు తెరుచుకుని చూసింది. అక్క ఎవరివైపూ చూడలేదు. మలుపు దగ్గర చూద్దును కదా, కళ్లలోంచి నీళ్లు గడ్డం మీదికి కారుతున్నాయి. తుడుచుకోవడం లేదు, ఆగడం లేదు.

కాలు నొప్పిగా ఉందా అక్కా, కాసేపు కూర్చుందామా అన్నాను.

“కాలికేమే” అంది. “కాలు బాగానే ఉంది.”